ఊరందరి డిబ్బీ

పోయిన సంక్రాంతి సెలవులు అయ్యాక మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు బడికి ఒక డిబ్బీ తెచ్చాడు. తీర్థంలో కొన్నాడట. పంది ఆకారంలో ఉన్న మట్టిబొమ్మ. వీపు మీద నాణెం పట్టేంత సన్నని చీలిక. దాన్ని నా బల్ల మీద పెట్టి, "మాస్టారూ, ఇది కింద పడితే పగిలిపోతుంది. ఇదే కంచుతో చేస్తే ఎన్నేళ్లయినా ఉంటుంది గదండీ?" అని అడిగాడు. వాడి మాట పూర్తి కాకముందే వెనక బల్ల నుంచి ఇంకొకడు, "ఉంటుంది. కాని దాన్ని మోసేదెవర్రా?" అన్నాడు. తరగతంతా నవ్వింది.

నేను మాత్రం నవ్వలేదు. ఆ ఇద్దరూ తమకు తెలియకుండానే మంచి ప్రశ్నలు వేశారు మరి. కంచుతో చేసిన పంది డిబ్బీ నిజంగానే ఒకటి ఉంది. అది ఒక ఇంటిది కాదు, ఒక ఊరిది. అది ఎంత బరువుంటుంది? ఎట్లా చేశారు? దాని లోపల ఏముంది? ఈ ప్రశ్నలు పట్టుకుని బయలుదేరితే దారిలో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, కొంచెం చరిత్ర కూడా తగులుతాయి. రండి, వెళ్లి చూద్దాం.

బజారు మూలన పంది

అమెరికా దేశానికి వాయవ్య మూలన, సముద్రపు పాయ ఒడ్డున సియాటిల్ నగరం ఉంది. అక్కడ పైక్ ప్లేస్ మార్కెట్ అనే పాత బజారు 1907లో మొదలైంది. మధ్యలో దళారులు లేకుండా రైతులే తమ సరుకు తెచ్చి అమ్ముకోవాలన్నది దాని ఉద్దేశం. మన రైతుబజారు వంటిదన్నమాట. 1960ల నాటికి ఆ కట్టడాలు పాతబడిపోయాయి. వాటిని పడగొట్టి పెద్ద పెద్ద భవనాలు కట్టాలని నగరపాలకులు తలపెట్టారు. ఊళ్లో చాలామంది ఒప్పుకోలేదు. 1971 నవంబరులో ఈ విషయం మీద ఓట్లు వేయించారు. బజారును కాపాడాలన్నవాళ్లే గెలిచారు. బజారు నిలిచింది.

నిలిచింది గాని, ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లలో ముసలివాళ్లూ, చాలీచాలని రాబడి ఉన్నవాళ్లూ ఎందరో ఉన్నారు. వాళ్లకోసం బజారులోనే ఒక వైద్యశాల, వృద్ధుల కేంద్రం, పసిపిల్లల బడి, లేనివారికి తిండిసామాను ఇచ్చే చోటు ఏర్పడ్డాయి. వీటికి డబ్బు పోగుచేయడానికి 1982లో ఒక సంస్థను పెట్టారు. 1986లో ఆ సంస్థకు ఓ కొత్త వసూలుదారు దొరికింది. జీతం అడగదు, సెలవు పెట్టదు, రాత్రీ పగలూ బజారు మూలన నిలబడే ఉంటుంది. అదే కంచు పంది. పేరు రేచల్.

దాన్ని చేసిన శిల్పి జార్జియా గెర్బర్. ఆమెది సియాటిల్‌కు ఉత్తరాన ఉన్న విడ్‌బీ దీవి. ఆ దీవిలో రేచల్ అనే నిజమైన పంది ఒకటి ఉండేది. 1985లో అక్కడి పోటీలో బహుమతి కూడా కొట్టింది. దాని బరువు 750 పౌన్లు, అంటే సుమారు 340 కిలోలు. ఆ పందినే నమూనాగా పెట్టుకుని, అదే పేరుతో ఆమె ఈ విగ్రహాన్ని చేశారు. దీని వీపు మీద కూడా మా కుర్రవాడి డిబ్బీకి ఉన్నట్టే ఒక చీలిక ఉంది. వచ్చేపోయేవాళ్లు అందులో నాణేలూ నోట్లూ వేస్తారు. పిల్లలు ఎక్కి కూర్చుంటారు. పెద్దవాళ్లు ముక్కు నిమిరి వెళతారు. ఏటా కొన్ని వేల డాలర్లు దాని కడుపులో చేరతాయి. ఆ డబ్బు వైద్యశాలకూ, పసిపిల్లల బడికీ పోతుంది.

ఒక బరువు లెక్క

ఇప్పుడు వెనక బల్ల కుర్రవాడి ప్రశ్నకు వద్దాం. ఈ కంచు పంది బరువు 550 పౌన్లు, అంటే సుమారు 250 కిలోలు. నిజమైన పంది 340 కిలోలు, కంచు పంది 250 కిలోలే! లోహంతో చేసినది మాంసంతో చేసినదానికంటే తేలికగా ఉండటం ఏమిటి? ఇక్కడ కాస్త ఆగి, పెన్సిలు తీసుకోండి.

జంతువు శరీరంలో ఎక్కువ భాగం నీరే. కాబట్టి దాని సాంద్రత నీటి సాంద్రతకు దగ్గరగా ఉంటుంది, అంటే లీటరుకు ఒక కిలో. 340 కిలోల పంది ఘనపరిమాణం సుమారు 340 లీటర్లు. కంచు సాంద్రత నీటికి సుమారు ఎనిమిదిన్నర రెట్లు. అంత ఆకారాన్నీ కంచుతో నింపితే 340ని 8.5తో గుణించాలి. 2,890 వస్తుంది. అంటే దాదాపు మూడు టన్నులు!

కాని మన రేచల్ 250 కిలోలే తూగుతోంది. తక్కిన రెండున్నర టన్నుల పైచిలుకు కంచు ఏమైంది? ఎవరూ దొంగిలించలేదు. అది మొదటినుంచీ లేనే లేదు. పంది లోపల బోలు.

ఇంకొక అడుగు వేద్దాం. 250 కిలోలను 8.5తో భాగిస్తే 29 లీటర్ల కంచు అని తేలుతుంది. రెండు నీళ్ల బిందెల్లో పట్టేంత కంచు! దాన్నే పంది ఒళ్లంతా పూతలా పరిచారనుకోండి. అంత పంది చర్మం వైశాల్యం సుమారు మూడున్నర చదరపు మీటర్లు ఉంటుందనుకుందాం. 29,000 ఘనపు సెంటీమీటర్లను 35,000 చదరపు సెంటీమీటర్లతో భాగించండి. మందం ఎనిమిది మిల్లీమీటర్ల చుట్టుపక్కల వస్తుంది. ఇది అంచనా లెక్కే. విగ్రహం సరిగ్గా నిజమైన పందంతే ఉందనీ, మందం అంతటా ఒకటేననీ అనుకుని వేశాం. అయినా సంగతి తెలిసిపోయింది గదా! మనం పంది అని చూస్తున్నది చిటికెనవేలంత మందం కూడా లేని కంచు పెంకు.

బోలు ఎట్లా వచ్చింది?

డబ్బులు దాచడానికే బోలుగా చేశారనుకుంటారేమో. కాదు. డబ్బులు వేసే పని లేకపోయినా పెద్ద కంచు విగ్రహాలను బోలుగానే పోస్తారు. కారణం వినండి.

కరిగిన లోహం గట్టిపడేటప్పుడు కుంచించుకుపోతుంది. పెద్ద ముద్దగా పోస్తే పైభాగం త్వరగా చల్లారుతుంది. లోపలిది చల్లారడానికి చాలాసేపు పడుతుంది. పైన గట్టిపడ్డాక లోపల కుంచించుకుంటే ఏమవుతుంది? లోపల గుల్లలు పడతాయి, పైన పగుళ్లు వస్తాయి. పలుచగా, అంతటా ఒకే మందంలో పోస్తే ఈ బాధ తగ్గుతుంది. పైగా బరువూ ఖర్చూ కలిసివస్తాయి.

అందుకు మైనం సాయం చేస్తుంది. శిల్పి మొదట మట్టితో పందిని చేస్తారు. దాని మీద రబ్బరు పూసి అచ్చు తీస్తారు. ఆ అచ్చు లోపలివైపు కరిగిన మైనాన్ని పలుచగా పట్టిస్తారు. ఆరాక అచ్చు విప్పితే మైనపు పంది వస్తుంది, లోపల బోలుగా. పెద్ద బొమ్మ అయితే దీన్ని ముక్కలు ముక్కలుగా చేస్తారు. ఒక్కొక్క మైనపు ముక్కనూ సన్నని పింగాణీ మట్టి కలిపిన చిక్కని ద్రవంలో ముంచి, ఇసుక చల్లి, ఆరబెడతారు. ఇట్లా ఎన్నోసార్లు చేస్తే లోపలా బయటా గట్టి పెంకు కడుతుంది. దాన్ని కొలిమిలో కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. మైనం ఉన్నచోట ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన కంచు పోస్తారు. చల్లారాక పెంకు పగలగొడితే కంచు ముక్క బయటికి వస్తుంది. ముక్కలన్నిటినీ వెల్డింగు చేసి, అతుకులు కనిపించకుండా ఆకురాయితో రాస్తారు. మైనం ఎంత మందమో కంచూ అంతే మందం. మైనం పోయి కంచు వచ్చిందన్నమాట.

ఈ పనికి రాగిని ఉన్నదున్నట్టు ఎందుకు పోయరు? రాగి 1085 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర గాని కరగదు. కరిగినా అచ్చులోని సన్నని సందుల్లోకి సరిగా పారదు. అందులో పదోవంతు తగరం కలిపితే వెయ్యి డిగ్రీల చుట్టుపక్కలే పూర్తిగా కరిగి, చక్కగా పారుతుంది. చల్లారాక రాగికంటే గట్టిగా కూడా ఉంటుంది. ఇదే మన కంచు. ఈ రోజుల్లో అమెరికాలో చాలామంది శిల్పులు తగరానికి బదులు కొద్దిగా సిలికాన్ కలిపిన కంచు వాడుతున్నారు. దాన్ని వెల్డింగు చేయడం సులువు.

ఈ మైనపు విద్య మనకు కొత్తది కాదు. సంస్కృతంలో దీన్ని మధూచ్ఛిష్ట విధానం అన్నారు. తేనె పిండుకోగా మిగిలినది మధూచ్ఛిష్టం, అంటే మైనం. తెలంగాణలో ఆదిలాబాద్ ప్రాంతపు ఓజా కళాకారులు ఈనాటికీ మట్టి దిమ్మ మీద మైనపు దారాలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, మైనాన్ని కరిగించి ఆ చోట ఇత్తడి పోస్తారు. ఏనుగులు, నెమళ్లు, దీపాలు చేస్తారు. ఆదిలాబాద్ డోక్రా పేరుతో దానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సియాటిల్ పందికీ, ఆదిలాబాద్ ఏనుగుకూ పుట్టుక ఒక్కటే.

బోలుకు పని దొరికింది

విగ్రహం పగలకుండా ఉండటానికి బోలు అవసరమైంది. మరి ఆ బోలును ఊరికే వదిలేయడమెందుకు అని కొందరు శిల్పులకు తోచింది. దానితో కంచు జంతువులకు ఉద్యోగాలు దొరికాయి.

ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో ఒక బజారు దగ్గర కంచు అడవిపంది ఉంది. 1634 ప్రాంతంలో పియెట్రో టాకా అనే శిల్పి పాత పాలరాతి విగ్రహాన్ని చూసి దాన్ని పోశాడు. ఊరివాళ్లు ముద్దుగా ఇల్ పోర్చెల్లీనో, అంటే పందిపిల్ల, అని పిలుస్తారు. దాని ఉద్యోగం నీళ్లివ్వడం. నోట్లోంచి నీళ్లు కారతాయి. లోపల బోలు లేకపోతే గొట్టం ఎక్కడినుంచి వెళుతుంది, చెప్పండి! దాని ముక్కు నిమిరి, నోట్లో నాణెం పెట్టి జారవిడిస్తే మంచి జరుగుతుందని జనం నమ్మకం. నాణెం కిందనున్న ఇనుప చట్రంలోంచి లోపలికి పడాలట. పడేదీ పడనిదీ భూమ్యాకర్షణ నిర్ణయిస్తుంది గాని అదృష్టం కాదని మీకు తెలుసు. అయినా ముక్కు నిమరనిదే ఎవరూ వెళ్లరు.

ఈ పందికి దేశదేశాల్లో నకళ్లు ఉన్నాయి. వాటిలో ఒకటి ఆస్ట్రేలియాలో సిడ్నీ ఆసుపత్రి ముందు ఉంది. ఆ ఆసుపత్రిలో శస్త్రవైద్యులుగా పనిచేసిన తన తండ్రి, సోదరుల జ్ఞాపకార్థం ఒక ఇటలీ ప్రభువంశపు ఇల్లాలు 1968లో దాన్ని ఇచ్చారు. అక్కడ పడిన నాణేలు ఆసుపత్రికి చెందుతాయి. చూశారా! రేచల్‌కంటే ముందే ఒక కంచు పంది రోగుల కోసం చిల్లర పోగుచేసింది.

చైనాలో కంచు జంతువులకు ఇంకా చిత్రమైన పని అప్పగించారు, కాలం చెప్పడం. పెకింగు దగ్గర చక్రవర్తి ఉద్యానవనంలో పద్దెనిమిదో శతాబ్దంలో ఒక నీటి గడియారం కట్టారు. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు మొదలుకొని పంది వరకు పన్నెండు జంతువుల తలలు. చైనావారు రోజును పన్నెండు భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క జంతువు పేరు పెట్టుకున్నారు. ఏ జంతువు వేళ వస్తే దాని నోటినుంచి నీరు చిమ్మేది. మధ్యాహ్నం పన్నెండింటికి పన్నెండూ ఒక్కసారే చిమ్మేవి. వాటి రూపం గీసినది కాస్టిగ్లియోనె అనే ఇటలీ మతగురువు. నీటి యంత్రాలు సమకూర్చినది బెన్వా అనే ఫ్రెంచి మతగురువు.

కాని అది జనం గడియారం కాదు, చక్రవర్తిది. 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు ఆ ఉద్యానవనాన్ని దోచుకుని తగలబెట్టాయి. తరువాతి కాలంలో ఆ తలలు దేశాలు పట్టిపోయాయి. ఎలుక, కుందేలు తలలు 2009లో పారిస్ నగరంలో వేలానికి వచ్చాయి. 2013లో చైనాకు తిరిగి చేరాయి. ఇంకా కొన్నిటి జాడ తెలియదు. తిరిగి వచ్చినవి అద్దాల పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. అయితే వాటి నోట్లో ఇప్పుడు నీళ్లు లేవు. తలలు దొరికాయి గాని గడియారం దొరకలేదు.

ముక్కు ఎందుకు మెరుస్తుంది?

ఫ్లారెన్సు పందిని చూసినవాళ్లు ఒక వింత గమనిస్తారు. ఒళ్లంతా నల్లని ఆకుపచ్చ, ముక్కు ఒక్కటే బంగారంలా ధగధగ. వేరే లోహం అతికించారా? లేదు. అంతా ఒకటే కంచు.

కంచులో ఎక్కువ భాగం రాగి. గాలిలోని ఆక్సిజన్ తగిలితే రాగి మీద గోధుమరంగు ఆక్సైడు పొర ఏర్పడుతుంది. తేమ, బొగ్గుపులుసు గాలి, పొగల్లోని గంధకపు వాయువులు కూడా తోడైతే ఏళ్లు గడిచేకొద్దీ ఆకుపచ్చ పొర వస్తుంది. దీన్నే మనం చిలుము అంటాం. ఇది కుదురుగా పట్టుకుంటే కింది లోహానికి దుప్పటిలా కాపు కాస్తుంది. శిల్పులు అన్నేళ్లు ఆగలేరు గనుక, విగ్రహాన్ని మంటతో వేడిచేసి దాని మీద రసాయనాలు పూసి కావలసిన రంగు రప్పిస్తారు. ఫెర్రిక్ నైట్రేటు పూస్తే గోధుమరంగు, కుప్రిక్ నైట్రేటు పూస్తే ఆకుపచ్చ. పైన మైనం రుద్దుతారు. సముద్రపు గాలిలోని ఉప్పు మాత్రం కంచుకు శత్రువు. అందుకే ఒడ్డు ఊళ్లలో విగ్రహాలను తరచుగా కడిగి మైనం పెట్టాలి.

వేల చేతులు ఒకేచోట రాస్తే ఈ పొర నిలవదు. ప్రతి రాపిడికీ కంటికి కనపడనంత పొర లేస్తుంది. చెమటలోని ఉప్పు, ఆమ్లాలు దానికి సాయపడతాయి. మళ్లీ పొర కట్టేలోగా ఇంకొక చెయ్యి వస్తుంది. అందుకని ముక్కు ఎప్పుడూ మెరుస్తూనే ఉంటుంది.

మీరూ చేసి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి నల్లబడిన పాత రాగి చెంబు ఒకటి తీసుకోండి. సగం మాత్రం చింతపండుతో తోమి కడగండి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆక్సైడు పొరను కరిగిస్తుంది, ఎర్రని రాగి బయటపడుతుంది. చెంబును ఒక మూల పెట్టి, తోమినవైపు ఒక్కచోట మాత్రం రోజూ పొడిబట్టతో వందసార్లు రుద్దండి. నెల తరువాత తోమిన చోటు, రుద్దిన చోటు, ముట్టని చోటు మూడింటినీ పోల్చి నోటుపుస్తకంలో రాసుకోండి. మీ చెంబే ఫ్లారెన్సు పంది కథ చెబుతుంది.

అరగనివ్వాలా, దాచాలా?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ముట్టుకుంటే అరుగుతుంది. ముట్టుకోవద్దంటే అది ఊరి పంది కాదు. మరేం చేయాలి?

ఫ్లారెన్సువాళ్లు ఒక ఉపాయం చేశారు. టాకా పోసిన పందిని మ్యూజియంలో భద్రపరిచి, 1998లో పోసిన నకలును బజారులో నిలబెట్టారు. అదీ కంచే, అదీ నీళ్లిస్తుంది. దాని ముక్కు కూడా అప్పుడే మెరుపెక్కింది. మ్యూజియంలో ఉన్నది శిల్పి చేతిపని. బజారులో ఉన్నది ఊరి చేతిపని. రెండూ కావలసినవే.

సియాటిల్ రేచల్‌కు వేరే రకం పరీక్ష వచ్చింది. 2011 ఫిబ్రవరిలో ఒక టాక్సీ అదుపు తప్పి వచ్చి దాన్ని గుద్దింది. మట్టి డిబ్బీ అయితే పెంకులు ఏరుకోవాల్సి వచ్చేది. కంచు గనుక, మరమ్మతు చేయించుకుని ఆ ఏడాదే తిరిగి తన మూలకు వచ్చి నిలబడింది. మట్టిబొమ్మ దెబ్బ తగిలితే పగులుతుంది. కంచు వంగుతుంది, సొట్టపడుతుంది. సొట్ట తీయవచ్చు, చీలితే వెల్డింగు చేయవచ్చు.

ఇదంతా చెప్పి, మన ఊళ్లో ఒక కంచు జంతువు పెట్టే అవకాశం వస్తే దానికి ఏ ఉద్యోగం ఇస్తారని మా తరగతిలో అడిగాను. ఒకడు ఏనుగు కావాలన్నాడు, తొండంలోంచి మంచినీళ్లు రావాలట. ఒక అమ్మాయి బస్టాండులో ముసలివాళ్లు కూర్చోవడానికి తాబేలు బల్ల చాలునంది. "మరి మే నెల ఎండలో దాని మీద కూర్చోగలరా?" అన్నాను. కంచు చెక్కకంటే చాలా వేగంగా వేడిని ఒంటికి అందిస్తుంది గదా! ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "అయితే తాబేలును చెట్టు కింద పెడదాం మాస్టారూ" అంది.

డిబ్బీ తెచ్చిన కుర్రవాడు మాత్రం ఏమీ మాట్లాడలేదు. గంట కొట్టాక తన మట్టి పందిని చేతిలోకి తీసుకుని, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని లోపలి బోలు చప్పుడు విన్నాడు. తరువాత జేబులోంచి ఒక రూపాయి తీసి అందులో వేసి, దాన్ని నా బల్ల మీదనే ఉంచి వెళ్లాడు. ఆ రోజునుంచి అది మా తరగతి డిబ్బీ అయింది. ఫీజు కట్టలేని పిల్లవాడెవరైనా ఉంటే అది పగలగొట్టాలని వాళ్లే నిర్ణయించుకున్నారు.